బ్లోగన్ కొనాలా, ఇంట్లోనే చేసుకోవాలా? గొట్టం సైజు, డార్టులు, మూతి గురించి సలహా కావాలి

నాగావళి గట్టు | రాయగడ | శనివారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. ఇక్కడ విల్లుల గురించి, ఎయిర్‌గన్‌ల గురించి బోలెడు చదివాను గానీ బ్లోగన్ గురించి ఒక్క ముక్కా కనపడలేదు. అదేనండీ, పొడవాటి గొట్టంలో సన్నటి డార్టు పెట్టి ఊదితే వెళ్లి అట్టకి గుచ్చుకునేది. మా అమ్మకి చెబితే "పొయ్యి ఊదే గొట్టాన్ని డబ్బులు పోసి కొంటావా?" అంది.

మా మేడ మీద ఎనిమిది మీటర్ల పొడుగు జాగా ఉంది. సాయంత్రం పూట నేనూ పదేళ్ల మా అబ్బాయీ ఫోన్లు పక్కన పడేసి ఏదో ఒకటి ఆడుకోవాలని ఆశ. విల్లుకి ఆ జాగా చాలదు, పైగా పక్క మేడ మీద ఎప్పుడూ బట్టలు ఆరేసి ఉంటాయి. ఎయిర్‌గన్ పేరెత్తితే ఇంట్లో గొడవ.

ఆన్‌లైన్‌లో చూస్తే తల తిరిగిపోయింది. ఒకడు 40 క్యాలిబర్ అంటాడు, ఇంకొకడు 50 అంటాడు, మరొకడు 625. నాలుగడుగులదా, ఆరడుగులదా? దానితో పాటు అంబులపొది, రంగు చుక్క పెట్టిన గురి, స్పాంజి పట్టు, రబ్బరు తొడుగు, ఇలా ఒక జాబితా. ఇవన్నీ నిజంగా అవసరమా?

వంశధార | గుణుపురం | శనివారం, రాత్రి 9.41

తమ్ముడూ, నాది ఎలక్ట్రికల్, ప్లంబింగ్ సామాన్ల కొట్టు. గొట్టం సంగతి నేను చెబుతాను, డబ్బులు దండగ చేసుకోకు. కానీ దానికన్నా ముందు ఒక కథ చెప్పాలి. అది చదివాకే గొట్టం కోయి.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా బాల్‌పెన్ను గొట్టంలో గుండుసూది పెట్టి, దాని తలకి దూది చుట్టి ఊదేవాళ్లం. క్లాసులో అందరికీ అదే ఆట. ఒకరోజు గొట్టం నోట్లో పెట్టుకుని గురి చూస్తున్నా. పక్కనున్నవాడు ఏదో అన్నాడు, నాకు నవ్వొచ్చింది. నవ్వే ముందు ఊపిరి లోపలికి పీలుస్తాం కదా, అంతే. సూది వెనక్కి వచ్చేసింది. దగ్గు, ఆ తర్వాత ఏమీ లేదు. ఏమీ లేకపోయేసరికి ఇంట్లో చెప్పలేదు. రెండు రోజులకి జ్వరం. ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తిలోకి వెళ్లే గొట్టంలో సూది తెల్లగా కనిపించింది. బరంపురం తీసుకెళ్లి, మత్తిచ్చి, కెమెరా గొట్టం లోపలికి దింపి తీశారు. కుడివైపుకే ఎందుకంటే ఆ దారి ఎడమదాని కన్నా వెడల్పుగా, నిటారుగా ఉంటుందట. డాక్టరుగారు చెప్పారు.

మా నాన్న ఆ సూదిని చిన్న సీసాలో వేసి దేవుడి గూట్లో పెట్టారు. ఇప్పటికీ ఉంది.

పర్లాకిమిడి పిల్ల | పర్లాకిమిడి | శనివారం, రాత్రి 9.55

అన్నా, దేవుడి గూట్లో సూదా 😂 నవ్వకూడదు గానీ.

వంశధార | గుణుపురం | శనివారం, రాత్రి 10.02

నవ్వు అమ్మా, గొట్టం నోట్లో లేకపోతే చాలు.

లెక్కల మాస్టారు | బరంపురం | ఆదివారం, ఉదయం 6.20

గుణుపురం బాబు చెప్పింది మొదటి పాఠం. రెండోది లెక్క. నాగావళి బాబూ, క్యాలిబర్ అనేసరికి కంగారు పడకండి. అంగుళంలో వందో వంతుల్లో చెప్పే కొలత, అంతే. 40 అంటే 0.40 అంగుళం, అంటే దాదాపు 10 మిల్లీమీటర్ల బోలు. 50 అంటే 12.7. ఆ 625 మాత్రం వెయ్యో వంతుల్లో, 0.625 అంగుళం, దాదాపు 16 మిల్లీమీటర్లు.

ఇప్పుడు నాలుగడుగుల గొట్టం, అంటే 120 సెంటీమీటర్లు అనుకోండి. 10 మి.మీ. బోలులో పట్టే గాలి సుమారు 94 సీసీ. 13 మి.మీ. అయితే 159. 16 మి.మీ. అయితే 241. మనిషి గట్టిగా పీల్చి వదిలితే నాలుగు లీటర్ల దాకా వస్తుంది కాబట్టి గాలి చాలదన్న బెంగ అక్కర్లేదు. లోటు వచ్చేది ఒత్తిడి దగ్గర. ఆరోగ్యంగా ఉన్న మగమనిషి బుగ్గలు బిగించి ఊదితే పది కిలోపాస్కల్‌లు, ఇంకొంచెం ఎక్కువ. మరీ దాటదు.

పది కిలోపాస్కల్‌లని 94 సీసీతో గుణిస్తే 0.94 జౌల్. ఇది పై హద్దు. డార్టు ఒక గ్రాము ఉంటే ఈ లెక్కన సెకనుకి 43 మీటర్లు, గంటకి 155 కిలోమీటర్లు. ఫాస్ట్ బౌలర్ బంతి! పక్కల నుంచి గాలి కారిపోవడం, రాపిడి తీసేస్తే అసలు వేగం ఇంకా తగ్గుతుంది. సెకనుకి 30 మీటర్లు వేసుకోండి.

ఇక్కడే కొత్తవాళ్లు తికమక పడతారు. 30 మీటర్ల వేగంతో పోయే డార్టు 6 మీటర్ల దూరం చేరేలోపు సుమారు 20 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. 10 మీటర్లయితే 54. జానెడు కిందపడితే "గొట్టం వంకర" అని గొట్టాన్ని తిట్టకండి. అది న్యూటన్ పని.

బుల్లెట్ బాబు | జయపురం | ఆదివారం, ఉదయం 8.33

ఈ లెక్కలన్నీ ఎందుకు మాస్టారూ. మా ఇంటి వెనక జామచెట్టు మీదకి రోజూ కోతుల మంద. బ్లోగన్‌తో ఒక్కటి తగిలిస్తే మళ్లీ వస్తాయా? ఎన్ని అడుగులది కొనమంటారు?

పశువుల డాక్టరు | కొరాపుట్ | ఆదివారం, ఉదయం 9.15

వస్తాయి. పుండుతో వస్తాయి, చీము పట్టిన కన్నుతో వస్తాయి. ఆ పుండు కడగాల్సింది నేను, తమ్ముడూ.

కోతిని గాయపరిస్తే 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ఉంది, అడవి పిట్టల జోలికెళితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. చట్టం పక్కన పెట్టినా, ఒక జౌల్ కూడా లేని సూది ఏ జంతువునీ అక్కడికక్కడ ఆపదు, లోపల విరిగి ఉండిపోతుంది. జామచెట్టుకి వల కట్టించుకో.

మా వృత్తిలో బ్లోగన్ రోజువారీ పనిముట్టు కాబట్టి చెబుతున్నాను. జూల్లోనూ అటవీ శాఖలోనూ జంతువుకి దూరం నుంచి మత్తు ఇవ్వడానికో, బోనులో ఉన్న చిరుతకి టీకా వేయడానికో దీన్నే వాడతాం. చప్పుడు ఉండదు, దెబ్బ మెత్తగా తగులుతుంది. గన్‌తో దగ్గర నుంచి కొడితే చిన్న జంతువుకి ఎముక విరగొచ్చు. మేం వాడే గొట్టం బోలు 11 మి.మీ., పొడవు ఒకటి నుంచి రెండు మీటర్లు. పది మీటర్లు దాటితే నాకైతే నమ్మకం ఉండదు.

మా డార్టు అంటే చిన్న సిరంజీ. ముందు గదిలో మందు, వెనక గదిలో గాలి బిగించి పెడతాం. సూది కొన మూసి ఉంటుంది. రంధ్రం పక్కన ఉంటుంది, దాని మీద చిన్న సిలికాన్ తొడుగు. సూది చర్మంలో దిగగానే తొడుగు వెనక్కి జారుతుంది, రంధ్రం తెరుచుకుంటుంది, వెనకున్న గాలి మందుని నెడుతుంది. చూడ్డానికి బొమ్మలా ఉంటుంది గానీ ఎంత తెలివైన పనో.

బుల్లెట్ బాబు | జయపురం | ఆదివారం, ఉదయం 9.40

సరే సార్, కోతుల సంగతి వదిలేశాను. అయినా మన కొండల్లో వాళ్లు తరతరాలుగా విషం పూసిన పుల్లలు ఊది వేటాడలేదా? మన సంస్కృతే కదా ఇది.

లెక్కల మాస్టారు | బరంపురం | ఆదివారం, ఉదయం 11.05

కాదు బాబూ. మన తూర్పు కనుమల ఆయుధం విల్లు. మల్కన్‌గిరి కొండల్లో బోండా గిరిజనులకి విల్లే ప్రాణం, మీకు నా కన్నా బాగా తెలుసు. ఊదే గొట్టం దక్షిణాదిలో ఉన్న మాట నిజమే గానీ అది అటు కేరళ, తమిళనాడు వైపు. జేమ్స్ హార్నెల్ అనే ఆయన 1924లో దక్షిణ భారతపు ఊదుగొట్టాలు, బూమరాంగుల మీద ఒక వ్యాసమే రాశాడు. అక్కడ ఈ గొట్టంతో చేపల్ని కొట్టడం కూడా ఉంది. డార్టుకి దారం కట్టి, గుచ్చుకున్న చేపని లాక్కోవడమే.

విషం కథలు మలేషియా, బోర్నియో అడవులవి, అమెజాన్‌వి.

మందుల కొట్టు | కొరాపుట్ | ఆదివారం, మధ్యాహ్నం 12.30

మాస్టారి మాటకి చిన్న తోక. అమెజాన్ వాళ్లు డార్టులకి పూసిన క్యురారే అనే విషం కండరాల్ని పడుకోబెడుతుంది, జంతువు ఊపిరి తీసుకోలేక పోతుంది. దాన్నే 1942లో మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్ అనే మత్తు డాక్టరు ఆపరేషన్‌లో కండరాలు వదులు చేయడానికి వాడాడు. ఈరోజు ఆపరేషన్ థియేటర్‌లో వాడే ఆ రకం మందులకి తాత అదే. ఆసియా వైపు వాడింది వేరు, ఇపో అనే చెట్టు పాలు. అది నేరుగా గుండెని పట్టుకుంటుంది.

నిర్వాహకుడు | ఆదివారం, మధ్యాహ్నం 12.48

విషాల చర్చ ఇక్కడితో ఆపుదాం. వేట ప్రశ్నలు మళ్లీ వస్తే తీసేస్తాను. అట్టకి గురిపెట్టే ఆట మీద ఎంతైనా మాట్లాడుకోండి.

వంశధార | గుణుపురం | ఆదివారం, రాత్రి 8.15

కొట్టు కట్టేసి వచ్చాను. ఇప్పుడు గొట్టం సంగతి.

మన దగ్గర దొరికేవి మూడు. మొదటిది ఇళ్లలో వైరింగుకి వేసే కరెంటు పైపు. ఇరవై మి.మీ.ది తీసుకుంటే లోపల పదహారు, పదిహేడు మధ్య వస్తుంది. చవక. కానీ పల్చది, షాపు బయట ఎండలో నిలబెట్టి ఉంటాం కాబట్టి సగం పైపులు అరటిపండులా ఒంగి ఉంటాయి. నిజం చెబుతున్నా, నా కొట్టులోవి కూడా.

రెండోది వేడినీళ్ల లైనుకి వేసే మీగడ రంగు సీపీవీసీ పైపు, హాఫ్ ఇంచ్. బయట 15.9, లోపల గోడ మందాన్ని బట్టి 12 నుంచి 13 మి.మీ. గోడ మందం, లోపల నున్నగా ఉంటుంది, తొందరగా ఒంగదు. నా ఓటు దీనికే. పది అడుగుల పైపు తెచ్చుకుని నాలుగడుగులు కోసుకో.

మూడోది అల్యూమినియం పైపు. చూడ్డానికి బాగుంటుంది. అయితే కర్టెన్ల పైపు తెచ్చి బ్లోగన్ చేస్తానంటే మాత్రం వద్దు. స్టీలు కర్టెన్ పైపుల్లో లోపల అతుకు గీత ఉంటుంది, డార్టు వెనక కాగితాన్ని అది చీరేస్తుంది. పుల్లకి దూది చుట్టి లోపల తిప్పి చూడు. దూది పోగులు పట్టుకుంటే ఆ పైపు వదిలేయ్.

కొనేటప్పుడు పైపుని ఆకాశం వైపు పెట్టి ఒక కన్నుతో చూడు. లోపల వెలుగు గాజుల్లా ఒకదాంట్లో ఒకటి గుండ్రంగా కనపడాలి. గాజులు పక్కకి జరిగి ఉంటే అది ఒంగింది. ఇంటికి తెచ్చాక గోడకి ఆనించి ఎండలో పెట్టకు. రెండు మేకులు కొట్టి నిలువుగా వేలాడదీయి. కోసిన అంచుల్ని లోపలివైపు కూడా 400 నంబరు ఎమెరీ కాగితంతో రుద్ది నున్నగా చెయ్యి.

ఆరడుగులది? ఇంటి మెట్ల మలుపు తిరగదు, కొన కిందికి వేలాడుతుంది. రెండడుగులది పిల్లాడి చేతికి బాగుంటుంది గానీ గురి నిలవదు, డార్టుకి వేగం అందుకునే దూరం చాలదు. మొదలుపెట్టేవాళ్లకి నాలుగే సరి.

ప్రాణహిత | సిరొంచ | ఆదివారం, రాత్రి 9.02

మహారాష్ట్ర గట్టు నుంచి ఒక మాట. మాకు గడ్చిరోలి అంతా వెదురే కదా అని నేను వెదురుతో మొదలుపెట్టాను. మూడు పాడయ్యాయి, నాలుగోది పనికొచ్చింది. కథ చెబుతా.

సాధన వెదురు, మీ ఒడిశా వాళ్లు సాలియా అంటారు, అది లోపల దాదాపు గట్టి. లాఠీకి బాగుంటుంది, దీనికి కాదు. ముళ్ల వెదురు బోలుగా ఉంటుంది గానీ కణుపు దగ్గర అడ్డ తెరలు. ఇనుప కడ్డీ ఎర్రగా కాల్చి పొడిస్తే తెర పోతుంది, కానీ కణుపు దగ్గర చుట్టూ చిన్న గట్టు మిగిలిపోతుంది. దాన్ని కర్రకి ఎమెరీ కాగితం చుట్టి గంటల తరబడి లోపల లాగుతూనే ఉండాలి. మలేషియా అడవుల్లో కణుపుకీ కణుపుకీ మధ్య రెండు మీటర్ల దాకా సాగే వెదురు జాతి ఉందట. వాళ్లకి తెర పొడిచే పనే లేదు. బోర్నియోలో అయితే ఇనుమంత గట్టి కర్రనే పొడుగునా తొలిచేస్తారు. మనకి ఆ వెదురూ లేదు, ఆ ఓపికా లేదు.

పచ్చి వెదురు నిలువునా పగులుతుంది. నీడలో నెలన్నర ఎండబెట్టాక మొదలుపెట్టండి. నా మొదటి రెండూ అలాగే పోయాయి. మూడోదాని మీద మా బావ కూర్చున్నాడు.

పర్లాకిమిడి పిల్ల | పర్లాకిమిడి | సోమవారం, ఉదయం 7.50

మా వైపు రథయాత్రకి పిల్లలు వెదురు తుపాకీలు పేలుస్తారు, అవి బ్లోగన్‌లే కదా?

బుల్లెట్ బాబు | జయపురం | సోమవారం, ఉదయం 8.10

కాదక్కా, ఇది నాకు తెలుసు 😀 బస్తర్‌లో గోంచా పండక్కి జగదల్‌పూర్‌లో పేల్చే తుప్కీ లాంటిది. గొట్టంలో రెండు వైపులా పెంగు కాయలు బిగించి, వెనక కర్రతో నెడితే మధ్యలో గాలి నలిగి ముందు కాయ "టప్" మని ఎగిరిపోతుంది. ఊదేది లేదు. కాయ తగిలితే చురుక్కుమంటుంది, నేను తిన్నాను.

లెక్కల మాస్టారు | బరంపురం | సోమవారం, ఉదయం 8.25

శభాష్. అన్నీ బాగానే తెలుసు, మరి కోతుల మీద పడ్డావేం.

నాగావళి గట్టు | రాయగడ | సోమవారం, రాత్రి 9.30

అన్నా, సీపీవీసీ తెచ్చేశాను. వెలుగు గాజులు చూస్తుంటే షాపువాడు నన్ను వింతగా చూశాడు. పనిలో పనిగా ఆన్‌లైన్‌లో వంద స్టీలు డార్టులు కూడా తెప్పించాను. తీరా చూస్తే వాటి వెనక కోన్లు 10 మి.మీ. నా గొట్టంలో గులకరాయిలా గడగడలాడుతూ అటునుంచి జారి పడుతున్నాయి. వెనక్కి తీసుకోం పొమ్మన్నారు. ఏం చెయ్యను?

పర్లాకిమిడి పిల్ల | పర్లాకిమిడి | సోమవారం, రాత్రి 10.15

అందుకే గొట్టం సైజు కన్నా డార్టు వెనక కోను సరిపోవడం ముఖ్యం అని చెప్పాలనుకున్నాను, ఆలస్యమైంది. నేను రెండేళ్లుగా ఆడుతున్నాను, అన్నీ ఇంట్లో చేసినవే. చెబుతాను, రాసుకోండి.

ఆ స్టీలు తీగలు పారేయకండి, కానీ పిల్లాడితో మొదలు వెదురు పుల్లలే మంచివి. కబాబులకి గుచ్చుతారే, ఆ పుల్లలు. మూడు మి.మీ. లావువి, పొడుగు పది, పన్నెండు సెంటీమీటర్లకి కోయండి. కొన మరీ సూదిలా చెక్కొద్దు, అట్టలో దిగేంత చాలు.

కోనుకి పాత క్యాలెండర్ కాగితం బాగుంటుంది. నున్నగా ఉంటుంది, తడికి త్వరగా మెత్తబడదు. వేరుశెనగ పొట్లం చుట్టినట్టు సన్నగా, పొడుగ్గా చుట్టి అంచుకి ఫెవికాల్ రాయండి. గొట్టం కన్నా లావుగానే చుట్టండి. ఇప్పుడు మొన వైపు నుంచి కోనుని గొట్టంలోకి ఆగేదాకా దించి, గొట్టం అంచు తగిలిన చోట చుట్టూ పెన్సిల్‌తో గీసి, బయటికి తీసి, ఆ గీత మీద కత్తిరించండి. అంతే, మీ గొట్టానికి కొలత తీసి కుట్టిన జాకెట్టులా సరిపోతుంది. మొనకి చిన్న కన్నం పెట్టి పుల్ల దూర్చి, లోపల ఒక చుక్క జిగురు. రాత్రంతా ఆరనివ్వండి.

వేలితో తోస్తే కదలాలి, గొట్టం వంచితే దానంతట అది జారకూడదు. ఆ మధ్య కొలతే అసలు కొలత. బిగుతుగా ఉంటే బుగ్గలు నొప్పి, వదులుగా ఉంటే గాలి పక్క నుంచి పోతుంది.

అమెజాన్ వాళ్లు కోను బదులు బూరుగు దూది లాంటిది చుడతారు. నేనూ మా బూరుగు చెట్టు దూదితో ప్రయత్నించాను. ఎగురుతుంది, బాగానే ఎగురుతుంది. కానీ ప్రతి డార్టూ ఒక్కో రకంగా. చేయి తిరగాలంటే ఏళ్లు పట్టేలా ఉంది. అమెరికాలో చెరోకీ ఆదివాసులు ముళ్లచెట్టు పూల నూగు కడతారట, వాళ్ల పిల్లలు కూడా పోటీల్లో కొడతారు. వాళ్ల ఓర్పుకి దండం.

వంశధార | గుణుపురం | సోమవారం, రాత్రి 10.31

మరి మూతి? నా సూది కథ మర్చిపోవద్దు.

పర్లాకిమిడి పిల్ల | పర్లాకిమిడి | సోమవారం, రాత్రి 10.58

దాని కోసమే వస్తున్నా అన్నా. మా ఊరు కొమ్ము పనికి పేరు కదా. మా వీధి చివర కొమ్ముతో దువ్వెనలు, కొంగబొమ్మలు చేసే తాత ఒకాయన ఉన్నారు. నా గొట్టానికి మూతి ఆయనే చేసిచ్చారు. బయట నోటికి సరిపడా వెడల్పు, లోపలికి వచ్చేసరికి ఏడు మి.మీ. కన్నం మాత్రమే. డార్టుని వెనక నుంచి పెట్టి, దాని మీద మూతి బిగిస్తాను. కోను వెనక భాగం పన్నెండు మి.మీ. ఉంటుంది కాబట్టి ఏడు మి.మీ. కన్నంలోంచి వెనక్కి రావడం కుదరదు. నేను పీల్చినా, తుమ్మినా, నవ్వినా.

కొమ్ము దొరకనివాళ్లు ప్లంబింగు రెడ్యూసర్‌తో, అంటే లావు పైపుని సన్న పైపుకి కలిపే ముక్కతో కూడా చేసుకోవచ్చు, అన్న చెప్పగలరు. కన్నం కోను కన్నా బాగా చిన్నది ఉండాలి, మూతి గట్టిగా బిగుసుకోవాలి. అది ఒక్కటీ చూసుకోండి.

మూతి ఎవరిది వాళ్లకే. ఇంట్లో నలుగురు ఆడితే నాలుగు మూతులు. దగ్గు, జలుబు, ఇంకా పెద్ద జబ్బులు అలా అంటుకుంటాయి.

పశువుల డాక్టరు | కొరాపుట్ | మంగళవారం, ఉదయం 7.05

చాలా మంచి మూతి. దానికి తోడు అలవాటు కూడా ఉండాలి. ఊపిరి ముక్కుతో పీల్చాలి, గొట్టం నోటికి ఆనించకముందే. పీల్చాకే గొట్టం పైకెత్తాలి. మూతి మీద నమ్మకంతో ఈ అలవాటు వదలొద్దు. నేను ఇరవై ఏళ్లుగా ఊదుతున్నా ఇప్పటికీ మనసులో "ముక్కు, గొట్టం, థూ" అనుకుంటాను.

ఆ "థూ" ముఖ్యం. బెలూన్‌కి ఊదినట్టు మెల్లగా కాదు, నాలుక మీద వెంట్రుక పడితే ఉమ్మేసినట్టు ఒక్కసారిగా. బుగ్గలతో కాదు, పొట్టతో. పది ఊదాక కాసేపు కూర్చోండి, తల తేలిపోతుంది. బీపీ ఎక్కువున్నవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు, కంటి ఆపరేషన్ అయినవాళ్లు మీ డాక్టర్ని అడక్కుండా ఊదొద్దు. నేను పశువుల డాక్టర్ని, మనుషులకి అంతకన్నా చెప్పను.

నాగావళి గట్టు | రాయగడ | మంగళవారం, రాత్రి 8.40

అద్భుతం అక్కా, డాక్టరుగారూ. ఇంకా మూడు చిన్న ప్రశ్నలు. గురి ఎలా చూడాలి? నాకు గొట్టం రెండుగా కనపడుతోంది. అట్ట ఏది పెట్టాలి? ఆన్‌లైన్ జాబితాలో మిగిలినవి కొనాలా?

పర్లాకిమిడి పిల్ల | పర్లాకిమిడి | మంగళవారం, రాత్రి 9.20

రెండుగా కనపడటమే దాని గురి! రెండు కళ్లూ తెరిచి, గొట్టాన్ని కాదు, అట్ట మీద చుక్కనే చూడండి. గొట్టం ఎడమొకటీ కుడొకటీ నీడల్లా కనిపిస్తుంది. చుక్క ఆ రెండు నీడల నడుమకి రావాలి. అందుకే ఆ రంగు చుక్క గురి కొనక్కర్లేదు. ఎత్తు మాత్రం మాస్టారి లెక్క ప్రకారం, చుక్కకి జానెడు పైన. నాలుగు రోజుల్లో చెయ్యే చెబుతుంది.

అట్టకి పాత ఫ్రిజ్ అట్టపెట్టె ముక్కలు ఎనిమిది, పది పొరలు కలిపి కట్టండి. థర్మోకోల్ వద్దు, తెల్ల రవ్వ మేడంతా ఎగురుతుంది. వెనక పాత బొంత ఒకటి వదులుగా వేలాడదీయండి, బిగించి కట్టొద్దు. తప్పిన డార్టు దానికి తగిలి కింద పడుతుంది. సిమెంటు గోడ ఒక్కటే ఉంటే డార్టు వెనక్కి ఎగురుతుంది, నా చీరకి ఒకటి గుచ్చుకుంది.

కొనాల్సింది ఒక్కటే, అంబులపొది. గొట్టానికి బిగించే రకం బాగుంటుంది, కొనలు మూసి ఉండేది చూసుకోండి. ఖాళీ టాబ్లెట్ల డబ్బాలో స్పాంజి ముక్క పెట్టినా అదే పని. స్పాంజి పట్టు ఎండాకాలం చెమటకి పనికొస్తుంది, సైకిల్ హ్యాండిల్ తొడుగు చాలు. ఇంకొకటి ఎవరూ అమ్మరు గానీ కావాలి, దారానికి కట్టిన గుడ్డ ముక్క. ఆడాక గొట్టంలోంచి లాగితే ఉమ్మి తడి పోతుంది. తడి ఉంటే కాగితం కోన్లు అంటుకుంటాయి.

లెక్కల మాస్టారు | బరంపురం | బుధవారం, ఉదయం 6.10

జపాన్‌లో దీన్ని ఫుకియా అని ముసలివాళ్లు కూడా ఆడతారు. 120 సెంటీమీటర్ల గొట్టం, 13 మి.మీ. బోలు. మీ సీపీవీసీకి దగ్గరి చుట్టమే. ఆరు నుంచి పది మీటర్ల దూరం, విడతకి ఐదు డార్టులు. వాళ్లకి అది ఊపిరి సాధన. మీ మేడ ఎనిమిది మీటర్లే కాబట్టి ఆరు దగ్గర గీత గీసుకోండి.

ఇంకొక మాట. బ్రిటన్, కెనడా, అమెరికాలో కాలిఫోర్నియా లాంటి చోట్ల దీని మీద నిషేధం ఉంది. విదేశాల్లో ఉన్న మేనల్లుళ్లకి బహుమతిగా పంపకండి. మన దగ్గరైనా డార్టులతో సహా రైల్లోనూ బస్సులోనూ తిప్పొద్దు.

బుల్లెట్ బాబు | జయపురం | బుధవారం, ఉదయం 9.00

మల్కన్‌గిరి బస్సులో మా ఫ్రెండు వట్టి పైపు పట్టుకెళ్లాడు. చెక్‌పోస్టులో గంటసేపు ప్లంబర్‌నని నిరూపించుకోవాల్సి వచ్చింది.

నాగావళి గట్టు | రాయగడ | మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8.05

చెప్పినట్టే చేశాను. మూతి రెడ్యూసర్‌తోనే, వంశధార అన్న ఫోన్‌లో చెప్పినట్టు ఏడు మి.మీ. కన్నం. ఆ వంద స్టీలు డార్టుల కోన్లు పీకేసి బీరువాలో పెట్టి తాళం వేశాను, పిల్లాడికి వెదురువి మాత్రమే. ఊదే గీత ముందు ఎవరూ ఉండకూడదు, ఐదూ ఊదేదాకా ఎవరూ అట్ట దగ్గరికి వెళ్లకూడదు, వెళ్లాక ఐదూ లెక్క తేలాలి. ఇవి మా ఇంటి రూల్స్.

మొదటి వారం అట్టకి తగిలినవాటి కన్నా బొంతకి తగిలినవే ఎక్కువ. ఒకరోజు లెక్కకి నాలుగే వచ్చాయి. గంట వెతికాం. అమ్మ ఆరబెట్టిన వడియాల చాపలో దొరికింది, ఒక గుమ్మడి వడియం మధ్యలో దిగి. అమ్మ దాన్ని చూసి ఏమీ అనలేదు. మర్నాడు సాయంత్రం మేడ మీదకి వచ్చి "ఏదీ, ఇలా ఇవ్వు" అంది. తనకీ ఒక మూతి చేశాను. నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ఊదిన ఊపిరి కదా, ఐదులో నాలుగు అట్టలోనే. మా అబ్బాయికి రెండు. నాకు, వదిలేయండి.

పది అడుగుల పైపులో ఇంకా ఆరడుగుల ముక్క మిగిలింది. దానితో ఏం చెయ్యొచ్చు?

వంశధార | గుణుపురం | ఆదివారం, రాత్రి 8.22

గుణుపురం బస్సు కండక్టరుకి ఇచ్చెయ్, స్టాండులో నేను తీసుకుంటా. గొట్టం ఒక్కటే. డార్టులు పెట్టకు.